అవ్వ గడ్డం మీది చుక్కలు

నేను ముప్ఫై ఏళ్లు డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం హుకుంపేట వైపు ఒక ఆశ్రమ పాఠశాలలోనే గడిచింది. డ్రాయింగు మాస్టరంటే స్కూల్లో ఎవరికీ పెద్ద లెక్క ఉండదు. లెక్కల మాస్టరు సెలవు పెడితే ఆ క్లాసుకు మమ్మల్ని తోలతారు. ఆగస్టు పదిహేను వస్తోందంటే జెండా దిమ్మకు రంగులు వేయిస్తారు. పైఅధికారి వస్తున్నాడంటే రాత్రికి రాత్రి గోడల మీద సూక్తులు రాయిస్తారు. మిగతా రోజుల్లో మేమొకళ్లం ఉన్నామన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఈ కడుపుమంట ముందే చెప్పుకుంటున్నాను. నేను చేసిన తప్పుకు మూలం ఇందులోనే ఉంది.

ఆరేళ్ల కిందట ఒక వానాకాలం మా ఊరికి ఒక ఫ్రెంచి ఆవిడ వచ్చింది. కాఫీ రైతులకు పండిన పండునే ఏరడం, కడగడం, ఎండబెట్టడం నేర్పే పని మీద వచ్చి, మా వీధి చివర ఒక గది అద్దెకు తీసుకుంది. యాభై దాటిన మనిషి. ముసురులో గొడుగు లేకుండా తోటల వెంట తిరిగేది. ఒకనాడు స్కూలుకొచ్చి, ఇక్కడ బొమ్మలు వేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే ప్యూను నన్ను చూపించాడు. ఇద్దరిదీ కుంటి ఇంగ్లీషే కాబట్టి మాకు బాగానే కుదిరింది.

ఆవిడ చేతిసంచిలోంచి ఒక చిన్న గుడ్డ మూట తీసి విప్పింది. లోపల ఇత్తడి చట్రంలో, అద్దం కింద, ఒక దొరసాని బొమ్మ. కోడిగుడ్డును నిలువునా కోస్తే ఎంత ఉంటుందో అంతే ఉంది. పౌడరు అద్దిన తెల్ల జుట్టు, మెడకు నీలం రిబ్బను, భుజం మీద లేసు కుచ్చులు. రెండువందల ఏళ్లకు పైబడిన బొమ్మట. వాళ్ల అమ్మమ్మ వైపు నుంచి చేతులు మారుతూ ఆవిడకు వచ్చింది. ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకెళుతుంది. మా కొండల్లో వానాకాలం వచ్చిందంటే చెప్పులకూ, సర్టిఫికెట్లకూ, పెళ్లి ఫోటోలకూ బూజు పట్టేస్తుంది. దొరసానినీ వదల్లేదు. అద్దం లోపలి వైపు తెల్లగా నూగు కట్టింది. ఆవిడ భయపడిపోయింది.

నేను వెనక రేకును బ్లేడుతో మెల్లగా లేపి, అద్దం తీసి తుడిచి, బొమ్మ జోలికి పోకుండా మళ్లీ బిగించాను. వేయించిన బియ్యం పోసిన బిస్కెట్ల డబ్బాలో దాచుకోమని చెప్పాను. ఆవిడ డబ్బులివ్వబోతే వద్దన్నాను. బదులుగా ప్రతి ఆదివారం వచ్చి ఆ బొమ్మను చూసుకోనిస్తే చాలన్నాను. అలా నాలుగు నెలలు, వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి సంపాదించి, ఆవిడ గది కిటికీ దగ్గర కూర్చుని ఆ దొరసానిని చూశాను.

భూతద్దంలోంచి చూస్తే అది బొమ్మలా ఉండేది కాదు. అంతా చుక్కలు. పలచటి ఏనుగు దంతపు రేకు మీద, ఒక్క వెంట్రుక కుంచెతో, వేల చుక్కలు. చెంపల మీద గులాబీ రంగు ఉన్నట్టే ఉంటుంది, తీరా చూస్తే అక్కడ రంగే లేదు. నీడ ఉన్న చోట మాత్రం చుక్కలు పెట్టి, వెలుగున్న చోట దంతాన్ని అలాగే వదిలేశాడు ఆ మహానుభావుడు. ఆ తెలుపే లోపలి నుంచి ఒంటి కాంతిలా పైకి వస్తోంది. పాతికేళ్లుగా పిల్లల చేత మామిడి కాయలూ కుండలూ గీయించిన నాకు అది చూసి ఏడుపొచ్చినంత పనైంది.

దొరసాని పెదవి పక్కన ఎడమవైపు ఒక నల్ల చుక్క ఉంది. పుట్టుమచ్చ అనుకున్నాను. కాదట. ఆ కాలంలో పెద్దింటి ఆడవాళ్లు నల్ల పట్టుగుడ్డ ముక్కను చుక్కలా కత్తిరించి మొహానికి అంటించుకునేవాళ్లట. ఆ అంటించిన ముక్కకు కూడా ఒక వారన వెంట్రుకంత నీడ వేశాడు చిత్రకారుడు. నేను ఆ బొమ్మకు పదకొండు నకళ్లు వేశాను. ఆ ఒక్క చుక్క కోసం ఒక ఆదివారమంతా ఖర్చుపెట్టాను.

అంత గొప్పగా వేసినవాడు ఎవరని అడిగితే ఆవిడకు తెలియదు. భుజం అంచున ఏదో గీకి ఉంది, మూడక్షరాలు కనిపిస్తాయి, మిగతాది చట్రం కింద అరిగిపోయింది. దొరసాని పేరు కూడా వాళ్లింట్లో ఎవరికీ గుర్తులేదట. దొరసాని పేరు పోతే పోయింది, నాకు బాధ లేదు. వేసినవాడి పేరు పోవడమే నాకు మింగుడుపడలేదు. అతనూ నాలాగే ఎవరి గుమ్మం దగ్గరో చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు, పెద్దింటివాళ్లు కూర్చోమన్నప్పుడు కూర్చుని, లెమ్మన్నప్పుడు లేచి ఉంటాడు అని ఊహించుకునేవాణ్ణి. ఆవిడ వెళ్లిపోయిన రోజు, బొర్రా మీదుగా వెళ్లే రైలు ఎక్కించి వచ్చి, నేనూ ఒకటి వేస్తాను, నా పేరు మాత్రం పోనివ్వను అనుకున్నాను.

దొరసానులు మాకెక్కడి నుంచి వస్తారు? హాస్టలు వంటింట్లో కూరలు తరిగే అవ్వ ఉంది. డెబ్భై ఏళ్లు ఉంటాయేమో, ఆమెకే తెలియదు. కొండ మీద నాలుగు మైళ్ల అవతల ఊరు. చామన ఛాయ, ఎత్తైన చెంప ఎముకలు, ముక్కుకు మూడు నత్తులు, నిటారైన మెడ. నుదుటి మీదా, చెంపల మీదా, గడ్డం మీదా పచ్చబొట్లు. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆమెకు ‘నువ్వే’. ఆమె కూతురు మా స్కూల్లోనే చదివింది, నా దగ్గరే బొమ్మలు గీసింది, ఇప్పుడు విశాఖపట్నంలో నర్సు. చదువుకునే రోజుల్లో తోటి పిల్లలు వాళ్లమ్మ మొహం గురించి ఏడిపిస్తుంటే, ఆ పిల్ల వంటింటి వైపే వచ్చేది కాదు. అవ్వ దాన్ని మనసులో పెట్టుకున్నట్టు ఎప్పుడూ కనిపించలేదు.

బొమ్మ వేస్తాను కూర్చుంటావా అని అడిగితే ఎందుకని అడిగింది. వేశాక నీకే ఇచ్చేస్తానన్నాను. కూతుర్ని తలుచుకుని, అయితే నా గుంటకిస్తాను అని ఒప్పుకుంది. సంక్రాంతి సెలవులయ్యాక, మధ్యాహ్నం వంట సర్దేసి, వంటింటి వెనక ఎండలో గుండిగ బోర్లించుకుని దాని మీద కూర్చునేది. నేను ఎదురుగా స్టూలు మీద అట్ట పెట్టుకునేవాణ్ణి. దంతం దొరకదు, దొరికినా చట్టప్రకారం ముట్టుకోకూడదు. ఐవరీ షీటని డ్రాయింగు షాపుల్లో అమ్ముతారే, పేరుకే ఐవరీ, ఆ నున్నటి తెల్ల అట్టను గుడ్డు ఆకారంలో కోశాను. సన్న కుంచె వెంట్రుకలు పీకేసి నాలుగే ఉంచాను. అలా నెలరోజులు కూర్చున్నాం.

కూర్చున్నంతసేపూ అవ్వ మాట్లాడేది. తన చిన్నప్పుడు సంతకు సూదులు పట్టుకుని ఒకావిడ వచ్చేదట. దీపం మసి ఆముదంలో కలిపి పొడిచేదట. అవ్వ ఏడిస్తే వాళ్లమ్మ తల ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుందట. ఇది అప్పటిది, ఇది పెద్దమనిషయ్యాక, ఇది పెళ్లి కుదిరాక అని ఒక్కొక్క చుక్క మీదా వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. నేను వింటున్నానా అంటే, రేడియో విన్నట్టు విన్నాను. ఆమె వేలు గడ్డం మీదకు వెళ్లినప్పుడల్లా నీడ చెదిరేది. ‘కదలకు అవ్వా, చెయ్యి దించు’ అనేవాణ్ణి.

నేను ఆ పచ్చబొట్లు వేయలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. మా చిన్నాన్నకు కొండ కింద మైదాన ప్రాంతంలో ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఫోటో పెద్దది చేసి రంగులు వేయమని ఎవరొచ్చినా ముందు మచ్చలు తీసేసేవాడు. స్ఫోటకం గుంటలు పూడ్చేసేవాడు, రంగు రెండు మెట్లు తెల్లబరిచేవాడు, మెడలో లేని గొలుసు వేసేవాడు. అది మోసమని ఎవరూ అనుకోలేదు, మర్యాద అనుకునేవాళ్లు. నా చేతికి మొట్టమొదట పట్టిన విద్య అదే. దానికి తోడు కళ్లలో ఆ దొరసాని కూర్చుంది. వెలుగున్న చోట అట్టను తెల్లగా వదిలేస్తూ పోయాను. ఆ తెలుపు మీద పచ్చ చుక్కలు పెడితే బూజు పట్టినట్టుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. దొరసాని మొహానికి అంటించిన గుడ్డముక్కకు ఒక రోజు ఇచ్చినవాణ్ణి, అవ్వ చర్మంలో అరవై ఏళ్లు ఉన్న చుక్కలను బూజన్నాను.

పూర్తయ్యాక భుజం అంచున నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, భూతద్దం పెట్టుకుని రాశాను. ఆ సంతకానికి రెండు రోజులు పట్టింది.

అవ్వకు చూపించాను. పసుపు మరకల అరచేతిలో పెట్టుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

“బాగున్నాది బాబూ. ఎవుల గుంట?” అని అడిగింది.

నేను నవ్వేసి, నువ్వే అవ్వా అన్నాను. ఆమె నవ్వలేదు. గడ్డం తడుముకుంది.

“నానైతే నా సుక్కలేవి?”

బొమ్మ చిన్నది, అవి పెడితే అందం పోతుందని ఏదో నసిగాను. ఆమె బొమ్మను జాగ్రత్తగా నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

“సచ్చిపోతే కోకలూ నగలూ ఈడే ఉండిపోతాయి బాబూ. నాతో వచ్చేవి ఇయ్యే. అక్కడ మాయమ్మ నన్ను ఈటితోటే పోల్చుకుంటాది. నా గుంటకి మాత్రం అమ్మ మొగం వొద్దేటి? బేగి ఎట్టియ్యి.”

సరే, సోమవారం పెట్టేస్తానన్నాను. పది నిమిషాల పని. రంగు కలిపి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, చూస్తూ పెడితే అయిపోయేది.

ఆ సోమవారమే, విశాఖలో జరగబోయే ఒక చిత్రకళా ప్రదర్శనకు బొమ్మలు పంపాలని కబురొచ్చింది. పచ్చ చుక్కలు లేకుండానే పంపాను. వచ్చాక పెడదాంలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా అనుకోలేదు. నా చేతుల్లోంచి మొదటిసారి ఒక పరిపూర్ణమైన వస్తువు వచ్చింది, దాని మీద మళ్లీ కుంచె పెట్టబుద్ధి కాలేదు. అక్కడ నా బొమ్మ ముందు జనం వంగి వంగి చూశారు. పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి ‘ఈవిడ ఏ సంస్థానం రాణీగారండీ’ అని అడిగాడు. సిగ్గుపడాల్సింది పోయి పొంగిపోయాను. ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. బొమ్మను ఇంకో రెండు నెలలు అక్కడే ఉంచుతామంటే, ఉంచండన్నాను.

అవ్వ ఆ మధ్యలో రెండుసార్లు అడిగింది. ఒకసారి వంటింటి గుమ్మంలో, బొమ్మ వచ్చిందా బాబూ అని. రెండోసారి వేసవి సెలవులిచ్చే రోజున, కూతురు వచ్చే నెల వస్తుందట, ఈలోగా పెట్టేస్తావా అని. తప్పకుండా అన్నాను. అప్పటికి బొమ్మ తిరిగొచ్చి నా బీరువాలోనే ఉంది. వచ్చిందని చెబితే కూర్చోవాల్సి వస్తుందని చెప్పలేదు. ఇంత చిన్న అబద్ధం కూడా లెక్కేనా అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్దదిగా అదే కనిపిస్తోంది.

సెలవులయ్యాక అవ్వ పనిలోకి రాలేదు. జ్వరమన్నారు. తర్వాత వానలు పట్టుకున్నాయి. వాగు పొంగుతోంది, దారి బాగాలేదు అని నేను వెళ్లలేదు. మా ప్యూను ఆ వాగు దాటి రోజూ డ్యూటీకి వస్తూనే ఉన్నాడు. ఒక పొద్దున ప్రార్థనకు ముందు అతనే చెప్పాడు, అవ్వ పోయి మూడు రోజులైందని. ఊళ్లో అంతా అయిపోయిందని కూడా చెప్పాడు. ఆ రోజు ఏ క్లాసూ చెప్పలేకపోయాను. పిల్లలకు మీ ఇష్టం వచ్చింది గీసుకోండి అని చెప్పి కిటికీ దగ్గర కూర్చున్నాను.

దసరా సెలవులకు ముందు ఆమె కూతురు వచ్చింది. ఆశ్రమ పాఠశాల నుంచి నర్సు కోర్సు దాకా వెళ్లిన పిల్లల్లో ఉండే నిదానం ఆ అమ్మాయిలో ఉంది. టీ ఇస్తే తాగింది. అమ్మ బొమ్మ మీ దగ్గరుందట సార్, చుక్కలు పెట్టించుకుని తెచ్చుకోమని పోయే ముందు చెప్పింది అంది. బీరువా తీసి బొమ్మ ఇచ్చాను. అవ్వలాగే దూరంగా పెట్టి చూసింది. చాలా బాగుంది సార్, కానీ చుక్కలు పెట్టాలి అంది.

ఇప్పుడే పెడతానన్నాను. అంత తేలిగ్గా అనిపించింది నాకు. టేబులు కిటికీ దగ్గరికి జరిపి, పచ్చలో కాస్త నీలం కలిపి, భూతద్దం కంటికి పెట్టుకుని కూర్చున్నాను. కుంచె గడ్డం దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ ఆగిపోయింది.

గడ్డం మీద ఎన్ని? వరసగా ఉండేవా, ముక్కోణంగా ఉండేవా? పెదవి కిందనుంచి మొదలయ్యేవా, ఇంకా దిగువనుంచా? చెంప మీద గీత ఉండేదా, చుక్కలేనా? ఆమె కనురెప్పల మీది ముడతలు నాకు గుర్తున్నాయి. ముక్కు నీడ ఏ రంగులోంచి ఏ రంగులోకి వెళుతుందో గుర్తుంది. నత్తు మీద ఎండ పడితే ఎక్కడ మెరిసేదో చెప్పగలను. చుక్కల దగ్గరికి వస్తే ఏమీ లేదు. నెలరోజులు అవి కనపడకుండా చూడటమే నా పని. ఆ పని బాగా చేశాను.

కుంచె పట్టుకునే, గడ్డం మీద మూడా, ఐదా అని ఆ అమ్మాయిని అడిగాను. ఫోన్లో ఫోటో ఉంటే చూపించమన్నాను. చూపించింది. నాలుగైదు ఉన్నాయి. కొత్త ఫోను, మొహాలను దానంతటదే నునుపు చేసేస్తుంది. అన్నిట్లోనూ అవ్వ చెంపలు పిండి పూసినట్టున్నాయి, చుక్కల జాడ లేదు. ఆధార్ కార్డులో చూస్తే మొహమంతా ఒకటే నలుపు. ఊళ్లో ఎవరికైనా తెలుస్తుందేమో అన్నాను. అడిగే వచ్చాను సార్ అంది. పిన్ని మూడంటుంది, పక్కింటి ముసలమ్మ ఐదంటుంది, ఇంకొకరు అసలు గడ్డం మీద లేనే లేవంటున్నారు. ఎవరివి వాళ్లకే గుర్తు, పక్కవాళ్లవి ఎవరూ లెక్కపెట్టలేదు.

“నేనైతే సిన్నప్పుడు సిగ్గుపడి అమ్మ మొహం సరిగ్గా సూడలేదు సార్. మీరు నెల్రోజులు ఎదురుగా కూకోని సూసినారు కదా. మీకు గుర్తుంటాదనుకున్నాను,” అంది.

నేను కుంచె దించేశాను. చూడలేదమ్మా అని చెప్పాను. అవ్వ ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించిందనీ, నేను చెయ్యి దించమన్నాననీ అన్నీ చెప్పేశాను. ఆ అమ్మాయి ఏడుస్తుందనో, తిడుతుందనో ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

ఎన్నో కొన్ని అందంగా పెట్టేయమంటావా అని అడిగాను. అడిగినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. ఆమె తల అడ్డంగా ఊపింది. తప్పుగా పెడితే రేపు నా పిల్లలకు అదే నిజమైపోతుంది సార్, వద్దు అంది. చుక్కలు లేకుండానే బొమ్మను తీసుకెళ్లమంటే కూడా వద్దంది. దీన్ని పట్టుకెళ్లి మా అమ్మ అని ఎవరికి చూపించను, మీ పేరుంది కదా, మీరే ఉంచుకోండి అంది. దెప్పిపొడుపు లేదు, పెద్దవాళ్లతో మాట్లాడే మర్యాదతోనే అంది.

ఆమె లేచి చున్నీ సర్దుకుంది. పాడేరు బస్సుకు టైమవుతోంది. నేను ఆమె వెనకే గేటు దాకా నడిచాను. ఏదో ఒకటి చేయాలని ఒకటే ఆరాటం. రేపు ఆదివారం మీ ఊరు వస్తానమ్మా, తెల్లారే బయలుదేరి వచ్చేస్తాను, అక్కడే రెండు రోజులుంటాను అన్నాను.

ఆ అమ్మాయి ఆగి వెనక్కి తిరిగింది.

“ఇప్పుడొచ్చి ఎవుల్ని సూత్తారు సార్?”

నిజంగానే అడిగింది, నేనేమంటానో అని కాసేపు నిలబడింది కూడా. బస్సు హారను వినబడితే పరుగెత్తింది.